మరణించిన దేవుడి రాతి దేహం: కొలత, బరువు, చావుకు కారణం

మిగతావాళ్లకూ ఉపయోగపడుతుంది కనుక మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. కూకట్‌పల్లిలో మీ ఇంట్లో అయిదుగురు స్నేహితులతో ఆదివారాలు తెలుగులోనే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా, పాచికలు వేస్తూ ఆడే బల్ల ఆట) ఆడిస్తున్నారు. తర్వాతి విడతలో వాళ్ల ఓడ ఆస్ట్రల్ తలంలోకి, అంటే ఆటలో లోకాల మధ్య ఉండే శూన్యంలోకి, వెళ్లి శూన్యంలో తేలుతున్న ఒక దేవుడి రాతి శవానికి తగులుకుంటుంది. అది ఎంత పెద్దదై ఉండాలి, దాని మీద నడవడం ఎలా, అక్కడ ఎవరు బతుకుతారు, ఆ దేవుడు మళ్లీ లేస్తాడా, పక్క గదిలో నానమ్మ ఉండగా ‘దేవుడి శవం’ అనవచ్చా అన్నవి మీ సందేహాలు. చివర్లో, మీ బృందంలోని పూజారి పాత్ర శవంతో మాట్లాడే మంత్రం వేస్తే ఏం చేయాలని కూడా అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఈ ఆట నడిపిస్తున్నాను. పొట్టకూటికి చేసేది గ్రానైట్ క్వారీల్లో రాయి నాణ్యత చూసే పని. అందుకని ఈ జవాబులో దేవుడి కన్నా రాయి పాలు ఎక్కువ.

ఇలాంటి సన్నివేశం రాసేవాళ్లు దాదాపు అందరూ ఎత్తుతో మొదలుపెడతారు. నేను చావుతో మొదలుపెట్టమంటాను. ఆ దేవుడు ఎందుకు పోయాడో ముందు మీరు తేల్చుకోండి. ఆ కారణం రాతిలో కనబడాలి. ఆటగాళ్లు కళ్లతో, కాళ్లతో, అవసరమైతే సుత్తితో దాన్ని తామే కనిపెట్టాలి. ఎవరో ముసలి సాధువు గుహలోంచి వచ్చి స్థలపురాణం విప్పడం నాకు బొత్తిగా నచ్చదు. అంత పెద్ద దేహం మీద నిలబెట్టాక ఇంకా ఉపన్యాసం దేనికి?

ఆటలో ఇప్పటికే ఉన్న సంగతులు కొన్ని చెప్పుకుందాం. భక్తులు లేక క్షీణించినవాళ్లో, మరో శక్తి చేతిలో హతమైనవాళ్లో అయిన దేవుళ్ల దేహాలు రాయిగా మారి ఆస్ట్రల్ తలంలో తేలుతుంటాయి. ఆ తలంలో ఉండే యోధుల జాతి గిత్‌యాంకీల రాజధాని తునరాథ్ అలాంటి ఒక దేహం మీదే కట్టిన నగరం. ఆ తలంలో ఆకలి లేదు, దప్పిక లేదు, వయసు పెరగదు. పిల్లలు ఎదగరు కాబట్టే గిత్‌యాంకీలు తమ పిల్లలను మామూలు లోకంలో రహస్య స్థావరాలు పెట్టుకుని పెంచుతారు. కదలికకు కాళ్లు అక్కర్లేదు, తలచుకుంటే చాలు. ఆట నియమాల అయిదో కూర్పు ప్రకారం అక్కడ వేగం, పాత్ర తెలివిని చూపే బుద్ధి అంకెకు మూడింతల అడుగులు. బుద్ధి 18 ఉన్న మాంత్రికుడు ఒక్క వంతులో 54 అడుగులు దూసుకుపోతాడు, బుద్ధి 8 ఉన్న కండల వీరుడు 24 దగ్గరే ఆగిపోతాడు. ఈ ఒక్క నియమం బల్ల దగ్గర తెచ్చే సరదా ఏ రాక్షసుడూ తేలేడు. దాన్ని వదులుకోకండి.

గిత్‌యాంకీలను మాత్రం ఈ విడతలో దింపకండి. వాళ్లు వచ్చారంటే యుద్ధం వస్తుంది, యుద్ధం మొదలైతే ఎవరూ కాళ్ల కింద ఏముందో చూడరు.

ఇప్పుడు కొలత. మన శిల్పులు వాడే తాళమానం ఈ పనికి చక్కగా సరిపోతుంది. విగ్రహం ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు. ఈ అంగుళానికి స్కేలు మీది అంగుళంతో సంబంధం లేదు, విగ్రహంతో పాటు అదీ పెరుగుతుంది, తరుగుతుంది. ప్రధాన దేవతలకు దశతాళం (పది ముఖాల ఎత్తు), వారి తర్వాతి వారికి నవతాళం (తొమ్మిది ముఖాలు), వినాయకుడికి పంచతాళం అని శిల్పశాస్త్రం హోదాను బట్టి నిష్పత్తి చెబుతుంది. మీ దేవుణ్ణి నవతాళంలో వేయండి. ముఖం 900 మీటర్లు అనుకుంటే ఒక అంగుళం 75 మీటర్లు అవుతుంది. మెడ నాలుగు అంగుళాలు, అంటే 300 మీటర్లు. మెడ నుంచి రొమ్ముకు, రొమ్ము నుంచి నాభికి, నాభి నుంచి మొల కిందికి ఒక్కో తాళం చొప్పున మూడు 900లు. తొడ రెండు తాళాలు, 1,800. మోకాలు 300, పిక్క 1,800, పాదం ఎత్తు 300. అన్నీ కలిపితే 8,100 మీటర్లు. చార్మినార్ నుంచి గోల్కొండకు గీత గీసినట్టు కొలిస్తే సుమారు అంతే దూరం. మీ ఆటగాళ్లకు ఆ రెండూ తెలుసు. తల గోల్కొండలో, అరికాళ్లు చార్మినార్‌కు ఆనుకుని అని చెబితే ఇంకే వర్ణనా అక్కర్లేదు.

దీనితో ఇంకో లాభం ఉంది. బృందంలో ఎవరికైనా శిల్పం మీద కాస్త జ్ఞానం ఉన్న పాత్ర ఉంటే, ముఖాన్నీ దేహాన్నీ కొలిచి ‘ఇది తొమ్మిది ముఖాల ఎత్తే ఉంది, పది లేదు, కాబట్టి ఇతను పెద్ద దేవుడు కాడు’ అని తేల్చగలదు. పేరు తెలియకముందే హోదా తెలిసిపోతుంది. నాకైతే పురాతన శాసనం దొరకడం కన్నా ఇదే నచ్చుతుంది.

ఇంకా పెద్దది చేయాలనిపిస్తే ఒక హద్దు గుర్తుంచుకోండి. రాతి దేహం కొన్ని వందల కిలోమీటర్లు దాటితే తన బరువుకు తానే కుంగి గుండ్రంగా మారుతుంది. దాదాపు 940 కిలోమీటర్ల వ్యాసం ఉన్న సిరీస్ అనే మరుగుజ్జు గ్రహం గుండ్రంగా ఉండటానికీ, చిన్న గ్రహశకలాలు వంకరటింకరగా ఉండటానికీ కారణం అదే. చేతులూ కాళ్లూ కనబడాలంటే దేవుడు ఆ హద్దుకు చాలా లోపల ఉండాలి. మాయాలోకంలో ఈ లెక్క ఎందుకంటారా? ఖండమంత దేవుడి మీద మోకాలు ఏదో, కొండ ఏదో ఎవరికీ తెలియదు. అప్పుడు మీ దగ్గర మిగిలేది ఉత్త భూగోళం.

బరువు సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. హుస్సేన్ సాగర్ బుద్ధుడి ఎత్తు 18 మీటర్లు, మన దేవుడు అంతకు 450 రెట్లు. ఎత్తు 450 రెట్లయితే బరువు 450 రెట్లు కాదు, మూడు 450లను ఒకదానితో ఒకటి హెచ్చించాలి: తొమ్మిది కోట్ల రెట్లకు పైనే. అంత రాయి ఉన్నా దాని ఆకర్షణ ఏమాత్రం ఉంటుంది? ఛాతీని ఒక కిలోమీటరు వ్యాసార్థం ఉన్న గ్రానైట్ గోళంగా ఊహించుకుని లెక్క వేయండి. అరవై కిలోల మనిషి అక్కడ అయిదు గ్రాములు కూడా తూగడు. మనిషి తన ఛాతీ ఎత్తు నుంచి వదిలిన పాచిక నేలకు చేరడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. ఆ గోళం నుంచి శాశ్వతంగా తప్పించుకుపోవడానికి చాలిన వేగం సెకనుకు 1.2 మీటర్లు, అంటే మనం కూరగాయలకు బజారుకు నడిచే వేగం కన్నా తక్కువ. గట్టిగా అడుగు వేసినవాడు మళ్లీ కిందికి రాడు.

దీన్ని ఆటలో పెట్టాలంటే రెండు దారులున్నాయి. మొదటిది, లెక్కను ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం: దేహమంతా మోకులు కట్టి ఉంటాయి, అందరూ మోకు పట్టుకునే కదులుతారు. రెండోది నేను వాడేది. ఆకర్షణ రాయిది కాదు, భక్తిది. జనం వంగి తాకిన చోట బరువు మిగిలి ఉంటుంది. అందువల్ల పాదాల దగ్గర మామూలుగా నడవవచ్చు, మోకాళ్లు దాటేసరికి తేలిపోతారు, ముఖం దగ్గర బరువన్నదే లేదు, ఎందుకంటే ఏ భక్తుడూ అక్కడికి చెయ్యి చాపలేదు. ఈ నియమం ఎవరికీ చెప్పకండి. నడుస్తూ ఉంటే నాలుగో అడుగుకో అయిదో అడుగుకో వాళ్లకే తెలుస్తుంది. దేవాలయంలో పెరిగిన పాత్ర ఎవరైనా ఉంటే కారణం కూడా పట్టేస్తుంది.

ఇక రాయి. హైదరాబాద్ వాళ్లం రాయి అనగానే ఖాజాగూడ గుట్టలనో మౌలాలీ గుట్టనో తలచుకుంటాం: గుండ్రటి గుండ్లు ఒకదాని మీద ఒకటి, పడిపోతాయేమో అన్నట్టు. ఆ బొమ్మను ఈ దేహం మీదికి ఎత్తుకెళ్లకండి. మన గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది, భూమి లోతుల్లో గడ్డకట్టింది. పైన ఉన్న మట్టీ రాయీ కోట్ల ఏళ్లలో కొట్టుకుపోతే బరువు తగ్గి, రాయి పైపైన ఉల్లిపొరల్లా విచ్చుకుంది. నిలువు పగుళ్లూ అడ్డ పగుళ్లూ కలిసి దాన్ని దిమ్మలుగా విడగొట్టాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. దిమ్మ మూలకు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది, అంచుకు రెండు వైపుల నుంచి, మధ్యకు ఒక్క వైపు నుంచే. మూల ముందుగా చివికి మొరం అవుతుంది, లోపల గుండు మిగులుతుంది. తర్వాతి వానలు మొరాన్ని కడిగేస్తే గుండ్లు ఉన్నచోటే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఎవరూ ఎత్తి పెట్టలేదు, ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు.

అంటే గుండ్రదనం నీటి పని. శూన్యంలో వాన లేదు, కాబట్టి శూన్యంలో రాయి అయినవాడి దేహం మీద గుండు ఉండకూడదు. అంచులన్నీ వాడిగా ఉండాలి, పగిలిన చోట చెయ్యి పెడితే తెగాలి. పొరలు లేవడం మాత్రం ఉంచుకోవచ్చు. ప్రాణం ఉన్నంతకాలం లోపలి నుంచి తోసిన ఒత్తిడి ప్రాణంతో పాటే పోయింది కనుక చర్మానికి సమాంతరంగా పలకలు లేచాయని చెప్పండి. మా పనిలో దిమ్మను సుత్తితో తట్టి చూస్తాం: రాయి గట్టిదైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే బోలుగా పలుకుతుంది. ఆటగాళ్లను తట్టనివ్వండి. ఎక్కడ బోలుగా పలికితే అక్కడ పలక కింద ఖాళీ ఉంటుంది.

పైన పరుచుకున్నది ఏమిటని అడిగితే గ్రహశకలాలను చూడండి. జపాన్ వారి హయబుసా 2005లో దిగిన ఇటోకావా పొడవు అర కిలోమీటరు పైచిలుకు. అది ఒకే బండ కాదు, రాళ్లూ కంకరా ఒకచోట చేరిన కుప్ప. అమెరికా నౌక 2020లో బెన్నూను తాకినప్పుడు నేల అసలు అడ్డే పెట్టలేదు, నౌక చెయ్యి లోపలికి దిగబడిపోయింది. మీ దేవుడి చంక, మెడ వంపు, వేళ్ల సందులు ఇలాంటి వదులు కంకరతో నిండి ఉండాలి. చూడటానికి నేలలా ఉంటుంది, కాలు పెడితే నడుము దాకా పోతుంది. దీనికి వేరే ఉచ్చు రాసుకోనక్కర్లేదు.

నరాలు కావాలంటే మన గ్రానైట్‌లోనే ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గులాబీ, బూడిద రంగు రాయిని కోసుకుంటూ నల్లటి డోలరైట్ గోడలు పోతాయి. పగుళ్లలోకి ఎగదన్నిన కరుగు రాయి అక్కడే గడ్డకట్టినవి అవి. తెల్ల పలుగురాతి చారలు వేరే ఉంటాయి. నల్లవి రక్తనాళాలు, తెల్లవి స్నాయువులు. నల్ల చార వెంబడి నడిస్తే గుండెకు చేరతారని ఆటగాళ్లలో ఒకరైనా ఊహిస్తారు. ఊహించినవారికి అది నిజం చేయండి.

ఇప్పుడు చావుకు వద్దాం. నేను ఆడించిన ఒక దేవుణ్ణి మీకు ఇచ్చేస్తాను, వాడుకోండి. అతను చెరువుల తూములను కాచే చిన్న దేవుడు. ఏటా తూము తెరిచేవాళ్లు మొదటి నీళ్లు అతనికి పోసేవారు. చెరువుల్లో ఒక్కొక్కటే ఇళ్లు లేచాయి, తూములు పూడిపోయాయి, నీళ్లు పోసేవాళ్లు లేరు. ఎవరూ అతన్ని చంపలేదు, అడగడం మానేశారంతే. (హైదరాబాద్ ఆటగాళ్లకు ఈ చావును వివరించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.) దేహం మోకాళ్ల మీద వంగి, రెండు చేతులూ దేన్నో ఆపుతున్నట్టు ముందుకు చాచి గడ్డకట్టింది. బయట అంతా వాడి అంచులే, శూన్యం నియమం ప్రకారం. నోట్లోంచి లోపలికి వెళ్తే మాత్రం గొంతులో గుండ్లు. ఖాజాగూడలో చూసినలాంటివే, నున్నగా, చుట్టూ తడి లేని పాత మొరంతో.

ఆ ఒక్క తేడా మీదే విడత మొత్తం నడుస్తుంది. బయట నీటి జాడ లేదు, లోపల యుగాల తరబడి నీరు పారిన గుర్తు. ఎవరో ఒకరు ఆగి ‘ఇక్కడ ఇవి గుండ్రంగా ఎందుకున్నాయి?’ అని అడిగే దాకా మీరు నోరు విప్పకండి. ఆ ప్రశ్న రాకపోతే మొరం మీద ఏదో ఒక పాత్ర ఒకసారి జారిపడేలా చేయండి, చాలు. దిగువన, కడుపు దగ్గర, రాతి తూము మూసి ఉంటుంది. దాని వెనక నీళ్లున్నాయా లేవా అన్నది మీ ఇష్టం. నేను ఉంచాను, కొంచెమే ఉంచాను.

అక్కడ ఎవరుంటారంటే, ఆకలీ వయసూ లేని చోటుకు వచ్చేవాళ్లు రెండు రకాలు: చావుకు భయపడినవాళ్లు, అప్పులవాళ్లు. పొయ్యి ఉండదు, పొలం ఉండదు, పిల్లలు ఉండరు. అందుకే ఆ ఊరు ఊరులా అనిపించకూడదు. వంట వాసన లేని వీధి ఎలా ఉంటుందో రెండు వాక్యాల్లో చెప్పండి. వాళ్ల పని రాయి కొట్టడం. దైవాంశ మిగిలిన రాయికి మామూలు లోకంలో ధర పలుకుతుంది. ఇది తప్పా ఒప్పా అన్న వాదం ఆటగాళ్ల మధ్య తప్పకుండా వస్తుంది. భాగవతంలో పూతన కూలినప్పుడు గోకులం వాళ్లు ఆ దేహాన్ని గొడ్డళ్లతో నరికి, కాల్చారు. పొగ అగరు వాసన వేసిందని చెబుతారు. భారీ దేహం ఊరి మీద పడితే మనుషులు చేసేది అదే, ముందు గొడ్డలి తీస్తారు. ఊరి పేర్లకు కూడా బయటికి పోనక్కర్లేదు. గయాసురుడి తల గయలో, నాభి జాజ్‌పూర్‌లో, పాదాలు మన పిఠాపురంలో అని చెప్పుకునే జనం మనం. పాదాల ఊరు, నాభి ఊరు, నోటి ఊరు అని పెట్టేయండి. పాదాల ఊరివాళ్లు బరువున్నవాళ్లం అని మిగతావాళ్లను చిన్నచూపు చూస్తారు.

దేవుణ్ణి లేపకండి. ఆటలో మళ్లీ భక్తి దొరికితే చచ్చిన దేవుడు లేవవచ్చన్న ఆనవాయితీ ఉంది, నాకు తెలుసు. కానీ లేచిన మరుక్షణం అతనొక పెద్ద శత్రువో పెద్ద మిత్రుడో అయిపోతాడు, అంతటి దేహం పాత్ర వివరాలు రాసుకునే ఒక చీటీగా కుదించుకుపోతుంది. ఎవరైనా నిజంగా మొక్కితే ఆ మొక్కిన చోట బరువు కాస్త పెరుగుతుంది. అంతవరకే ఇవ్వండి. మీ ఆటగాళ్లు ఆ బరువుతో ఏం చేస్తారో చూడండి. మా బృందం ఒకసారి నుదుటి మీద మొక్కి, అక్కడ ఓడ దించుకుంది.

నానమ్మ సంగతికి నా దగ్గర సూటి సమాధానమే ఉంది. ఎవరైనా నిజంగా కొలిచే పేరు వాడకండి, ఊరి చిన్న దేవత పేరైనా సరే. కట్ట మీద గుడి ఉన్న అమ్మ పేరు పెడితే కథ బాగా అతుకుతుందని మీకు అనిపిస్తుంది, అయినా వద్దు. కల్పించిన దేవుడికి కల్పించిన పేరు పెట్టండి. బల్ల దగ్గర ‘శవం’ అనకుండా ‘దేహం’ అనండి. అది భయంతో చెప్పడం లేదు, అలా అన్నప్పుడు ఆటగాళ్ల గొంతులు కూడా తగ్గుతాయి, సన్నివేశానికి అదే మంచిది. నానమ్మ విని కథ అడిగితే మొత్తం చెప్పండి. తూముల దేవుడికి నీళ్లు పోయడం మానేశారన్న మాట ఆవిడకు మీ స్నేహితులకన్నా ముందే అర్థమవుతుంది.

చివరి ప్రశ్న, శవంతో మాట్లాడే మంత్రం. వద్దనకండి. నియమం ప్రకారం శవానికి నోరుండాలి, మన దేవుడికి ఉంది. మంత్రం పది అడుగుల దూరం వరకే పని చేస్తుంది కనుక పూజారి పెదవి అంచు దాకా ఎక్కాలి. అక్కడ బరువు లేదని గుర్తుందిగా, ఆ ఎక్కడమే ఒక సన్నివేశం. మంత్రం పది నిమిషాలు నిలుస్తుంది, అయిదు ప్రశ్నలు అడగవచ్చు. అయితే తొమ్మిది వందల మీటర్ల ముఖం ఒక్క మాట పలకడానికి ఆ పది నిమిషాలూ పడుతుందని నేను నిర్ణయిస్తాను. నియమాల పుస్తకం చేతపట్టుకునే స్నేహితుడు ఒకరు ప్రతి బృందంలోనూ ఉంటారు, వారు అభ్యంతరం చెబుతారు. మొదటి ప్రశ్నకు ముందే ఈ సంగతి వారికి చెప్పేయండి, గొడవ ఉండదు. అప్పుడు బృందం అయిదు ప్రశ్నల నుంచి ఒక్కటి ఏరుకోవాలి, ఆ చర్చకు అరగంట కేటాయించండి. వాళ్లు అడగబోయేవాటిలో మూడు నాలుగు మీరే ఊహించి, ఒక్కోదానికి ఒక్క మాట చొప్పున జవాబు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ మాట బతికున్నప్పుడు అతనికి తెలిసినదే అయి ఉండాలి. తన చావు తర్వాత జరిగినవేవీ అతనికి తెలియవు.